ఆరుగురు పడుకునే బండి కట్టించకండి: కడప దంపతుల కారవాన్ ప్రశ్నకు సమాధానం

కడప నుంచి రాసిన దంపతుల ప్రశ్న ఇది. ఇద్దరూ ఈ మధ్యే ఉద్యోగ విరమణ చేశారు. 13 సీట్ల పాత ట్రావెలర్ వ్యాను ఒకటి బేరంలో ఉంది. దానిని ఆరుగురు పడుకునే కారవాన్‌గా మార్పించి, సంక్రాంతి పోయాక తోడల్లుడి దంపతులతోనూ మరో స్నేహితుల జంటతోనూ కలిసి నాలుగు రోజుల్లో గండికోట, బెలుం, యాగంటి, అహోబిలం, శ్రీశైలం చూసి రావాలని వారి ఆలోచన. 78 ఏళ్ల అత్తగారిని వెంట తీసుకువెళ్లవచ్చా అని చివర ఒక మాట అడిగారు. మాది అనంతపురం. విద్యుత్ శాఖలో పనిచేసి విరమించాను. ఏడేళ్లుగా నేనూ మా ఆవిడా ఇలాంటి బండిలోనే, సగానికి పైగా సార్లు బంధువులతోనో స్నేహితులతోనో కలిసి తిరుగుతున్నాము కనుక, చేసిన తప్పులతో సహా చెబుతాను.

బండి కొనండి, కానీ ఆరు పడకలు వేయించకండి. పగలు పదిమంది వచ్చి కూర్చుని తినడానికీ మాట్లాడుకోవడానికీ వీలుగా, రాత్రి మాత్రం మీ ఇద్దరికీ, మీ అత్తగారికీ సరిపోయేలా కట్టించండి. తక్కినవారు తమ కారులో వెంట వచ్చి రాత్రికి గదుల్లో దిగుతారు. ఇది చుట్టాలను దూరం పెట్టడం కాదా అని మీరు అనుకోవచ్చు. మా ఆవిడ కూడా మొదట అదే అన్నది. అందుకే మా బండిలో మొదట నాలుగు పడకలు వేయించాము, మా బావగారి కుటుంబంతో కలిపి ఆరుగురం ఎక్కి గండికోటకు బయలుదేరాము.

నీళ్ల ట్యాంకు 120 లీటర్లది. మనిషికి 20 లీటర్లు, రెండు రోజులకు ఢోకా లేదని నా లెక్క. మొదటి సాయంత్రం చేతులు కడుక్కోవడం, గిన్నెలు, ఒక పిల్లవాడికి స్నానం, దుమ్ము కొట్టుకుపోయిన కాళ్లు. తెల్లవారి అయిదున్నరకు కొళాయి తిప్పితే పంపు గర్రుమని వట్టి గాలిని తోడుతున్నది. ఇక మరుగుదొడ్డి సంగతి. ఇలాంటి బండ్లలో పెట్టే కదిలే మరుగుదొడ్డికి కింద ఉండే డబ్బా సుమారు 20 లీటర్లు పడుతుంది. మనిషి రోజుకు ఆరుసార్లు వెళ్లినా, ప్రతిసారీ కడుగు నీటితో కలిపి అర లీటరు చొప్పున వేసుకున్నా, ఆరుగురికి ఒక రోజులో 18 లీటర్లు. అంటే ప్రతి ఉదయం దానిని మోసుకెళ్లి ఖాళీ చేయవలసిందే, ఆ పని ఎవరిదన్నది బంధువుల మధ్య మాటల్లో తేల్చుకోలేని విషయం. ఆ ఉదయం మా బావగారు నా ముఖం చూశారు, నేను కొండ వైపు చూశాను. ఆ డబ్బాను ఎప్పుడూ మామూలు మరుగుదొడ్డిలోనే ఖాళీ చేయాలి, అది కూడా లాడ్జీ వారినో పెట్రోలు బంకు వారినో అడిగి. వాగులో, కాలువలో, పొలం గట్టున పోయడం చేయరాని పని.

ఇంటికి తిరిగి వచ్చాక రెండు పడకలు తీసేయించాము. కొళాయికి కరెంటు పంపు మాన్పించి కాలితో తొక్కే పంపు పెట్టించాను. తొక్కినంతసేపే నీరు వస్తుంది కాబట్టి కొళాయి వదిలేసి కబుర్లు చెప్పేవారు కూడా పొదుపు చేస్తారు. మీ బండిలో ఈ ఒక్క మార్పు చేయించినా నీళ్ల ఖర్చు కళ్లకు కనిపించేలా తగ్గుతుంది.

బరువు విషయం చాలామంది పట్టించుకోరు. ఆరుగురు మనుషులంటే దాదాపు 400 కిలోలు, నిండు ట్యాంకు 120 కిలోలు. వాటి మీద ప్లైవుడ్ అల్మారాలు, పరుపులు, బ్యాటరీ, పైకప్పు మీద ఏసీ, సామాను. ఆర్‌సీ మీద మొత్తం అనుమతి బరువు ఎంత అన్నది రాసి ఉంటుంది. పని పూర్తయ్యాక ట్యాంకు నింపి, అందరినీ ఎక్కించుకుని ఒక వేబ్రిడ్జి మీదికి ఎక్కించండి. బండల లారీల పుణ్యమా అని తాడిపత్రి, బేతంచెర్ల దారుల్లో వాటికి కొదవ లేదు. మొత్తం తూకం చూశాక, ముందు చక్రాలు మాత్రమే, ఆ తర్వాత వెనుక చక్రాలు మాత్రమే ఉంచి మరో రెండుసార్లు చూడండి. నీళ్ల ట్యాంకు వెనుక ఇరుసుకు అవతల పెట్టిన బండ్లలో ముందు చక్రాలు తేలిపోయి, మలుపుల్లో స్టీరింగు మాట వినదు. ట్యాంకు రెండు ఇరుసుల మధ్యనే, నేలకు దగ్గరగా ఉండాలని బండి కట్టేవారికి గట్టిగా చెప్పండి. వారికి అల్మారాల అందం మీద ఉన్న శ్రద్ధ దీని మీద ఉండదు.

చట్టం సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి అనుమతి కావాలి. కనుక ముందు ఆర్టీవో కార్యాలయం, తర్వాత వడ్రంగి. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి తర్వాత తిప్పలు పడతారు. సొంత వాడకానికి ఉండే క్యాంపర్ వ్యాన్ రవాణాయేతర వాహనాల, అంటే కిరాయికి తిప్పని సొంత బండ్ల జాబితాలో ఉంది. మీరు చూసిన వ్యానుకు కిరాయి బండ్లకుండే పసుపు నంబరు పలక ఉన్నట్లయితే దానిని సొంత వాహనంగా మార్పించే ఖర్చూ సమయమూ బేరంలోనే కలుపుకోండి. బీమా కంపెనీకి మార్పులన్నీ రాతపూర్వకంగా తెలియజేయండి. బండి కదులుతున్నంతసేపు ఎవరూ పడక మీద ఉండరాదు. బెల్టు ఉన్న సీట్లు ఎన్నో అంతమందే ప్రయాణించాలి. ఆరు పడకలు వేస్తే బెల్టు సీట్లకు చోటు మిగలదు కాబట్టి, ఈ ఒక్క కారణం చేతనైనా మీ పాత నమూనా పనికిరాదు.

ఇప్పుడు కరెంటు. నా వృత్తి కాబట్టి కాస్త విస్తరిస్తాను. మీరు పంపిన కొటేషన్‌లో 200 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, ఒక టన్ను ఏసీ, 400 వాట్ల సోలార్ పలకలు ఉన్నాయి, ‘రాత్రంతా ఏసీ’ అని రాశారు. లెక్క చూద్దాం. 12.8 వోల్టుల బ్యాటరీకి 200 ఆంపియర్ అవర్ అంటే 2,560 వాట్ అవర్లు. పూర్తిగా అడుగంటనీయకుండా, ఇన్వర్టర్ నష్టం పోను చేతికి వచ్చేది రెండు వేల పైచిలుకు. ఏసీ గంటకు 800 నుంచి 1,000 వాట్ అవర్లు లాగుతుంది. రెండు, రెండున్నర గంటల్లో అంతా అయిపోతుంది. ఆ తర్వాత ఫ్రిజ్ కూడా ఆగిపోతుంది. మన రాయలసీమ ఎండకు 400 వాట్ల పలకలు మంచి రోజున సుమారు 1,600 నుంచి 2,000 వాట్ అవర్లు ఇవ్వగలవు, కానీ చెట్టు నీడన బండి పెడితే అందులో చాలా భాగం పోతుంది. నీడ కావాలా, కరెంటు కావాలా అన్నది ప్రతి మధ్యాహ్నం తేల్చుకోవలసిన తగువే. అదే డబ్బుతో 30 వాట్లలోపు తీసుకునే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, పైకప్పులో వేడి గాలిని బయటకు తోసే ఫ్యాను ఒకటి, కిటికీలకు దోమతెరలు పెట్టించండి. రెండు ఫ్యాన్లు రాత్రి ఎనిమిది గంటలు తిరిగినా 500 వాట్ అవర్లు దాటవు. మీరు వెళ్లేది జనవరిలో కాబట్టి రాత్రి దుప్పటి కావలసి వస్తుంది, ఏసీ కాదు. ఏప్రిల్, మే నెలల్లో మన జిల్లాల్లో 40 డిగ్రీలు దాటిన ఎండలో రేకు డబ్బాలో పడుకోవాలనే కోరిక ఏసీ ఉన్నా మంచిది కాదు. మేము అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకే తిరుగుతాము.

ఏసీ తప్పనిసరి అనుకుంటే, రాత్రికి లాడ్జీ ఆవరణలో బండి పెట్టుకుని, డబ్బు చెల్లించి 15 ఆంపియర్ల ప్లగ్గు తీసుకోవాలి. ఇక్కడే నేను చూసిన ప్రమాదం ఒకటి చెప్పాలి. ఒక ఊళ్లో లాడ్జీ వెనుక గోడకున్న పాయింటుకు వైరు కలిపి లోపలికి వెళ్లాను. మా ఆవిడ చెప్పులు విడిచి నేల మీద నిలబడి బండి తలుపు పిడి పట్టుకోగానే, చేతికి చీమలు పాకినట్లు ఉంది అని వదిలేసింది. పరీక్షించి చూస్తే ఆ పాయింటుకు ఎర్తింగు లేదు. మా గీజరులోని చిన్న లీకేజీ బండి లోహపు ఒంటి మీదికంతా వచ్చింది. రబ్బరు టైర్ల మీద నిలబడిన బండికి భూమితో సంబంధం ఉండదు; నేల మీద నిలబడి దానిని ముట్టుకున్న మనిషే తీగ అవుతాడు. అందువల్ల మూడు కాళ్ల ప్లగ్గు టెస్టర్ ఒకటి జేబులో పెట్టుకోండి, దానికయ్యే ఖర్చు చాలా తక్కువ. బయటి కరెంటు బండిలోకి వచ్చే చోట, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి, దాని పరీక్ష బటన్‌ను ప్రతి ప్రయాణానికి ముందు నొక్కి చూడండి. ఎర్తింగు లేని పాయింటు అయితే ఆ రాత్రికి కరెంటు లేకుండానే ఉండండి.

వంట బండి లోపల వద్దు. ఎల్‌పీజీ గాలి కన్నా బరువైనది కాబట్టి లీకైన గ్యాసు నేల మీద, పడకల కింద పేరుకుంటుంది; పైన కిటికీ తెరిచి ఉన్నా లాభం లేదు. 5 కిలోల సిలిండరును లోపలికి గాలి చొరని, అడుగున బయటికి రంధ్రం ఉన్న పెట్టెలో పెట్టి, పొయ్యిని తలుపు పక్కన బయట బల్ల మీద పెట్టుకుంటాము. ఇద్దరికైనా పన్నెండు మందికైనా మా ఉదయపు ఫలహారం ఉగ్గాని. దీనికి ఒక ప్రయాణికుడి కారణం ఉంది: బొరుగులకు ఉడకబెట్టే పని లేదు, ఒక గిన్నెడు నీళ్లలో ముంచి పిండేస్తే చాలు, ఆ నీళ్లతోనే తర్వాత పెనం మొదటి కడుగు కడగవచ్చు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, పసుపు తాలింపులో పిండిన బొరుగులు వేసి, పైన పుట్నాల పొడి చల్లి దించేసరికి పావుగంట కూడా పట్టదు. గండికోటలో లోయ మీదినుంచి వచ్చే పొద్దుటి గాలికి పొయ్యి మంట నిలవదు; అందుకని మూడు వైపులా మడిచే రేకు అడ్డం ఒకటి చేయించుకున్నాము. మిగతా పూటలకు ఇంటి నుంచి ఎండు జొన్న రొట్టెలు, చెనక్కాయల పొడి తీసుకుపోతాము. సంగటి, నాటుకోడి పులుసు లాంటివి దారిలో దొరికిన చోట తింటే బండిలో గిన్నెలు తోమే పని తప్పుతుంది.

యాగంటిలో కాకి వాలకపోవడానికి అగస్త్యుడి శాపం కారణమంటారు. కోతులకు మాత్రం ఆయన ఏ శాపమూ పెట్టినట్లు లేడు. పొయ్యి వెలిగించే ముందు తలుపు మూయండి.

మీ దారి గురించి. నాలుగు రోజుల్లో అయిదు చోట్లు అంటే ఏదీ చూడరు, డీజిలు కాలుస్తారు. శ్రీశైలాన్ని ఈసారికి వదిలేయండి. నల్లమల పులుల అభయారణ్యం గుండా వెళ్లే దోర్నాల–శ్రీశైలం దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసివేస్తారు. గుంపుగా వెళ్లేవారికి సాయంత్రాలు ఎప్పుడూ ఆలస్యమవుతాయి కాబట్టి గేటు దగ్గర చిక్కుకుపోతారు. బరువైన బండితో ఘాటు దిగడం మొదటి ప్రయాణంలో నేర్చుకోవలసిన విద్య కూడా కాదు. దిగేటప్పుడు రెండో గేరులో ఇంజిను పట్టు మీద దిగాలి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది.

మిగిలిన వాటిని ఇలా వేసుకోండి. మొదటి రోజు కడప నుంచి ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా గండికోట. జమ్మలమడుగు నుంచి కోటకు 15 కిలోమీటర్లే. శని, ఆదివారాలు మానుకోండి. పర్యాటక శాఖ వారి హరిత హోటల్ అక్కడే ఉంది, మీ తోడల్లుడి వారికీ స్నేహితులకూ అక్కడ గదులు ముందుగా తీసుకుంటే చీకట్లో బస వెతుక్కునే పని ఉండదు. రెండో రోజు పొద్దున్నే బెలుం. గుహలు 3,229 మీటర్ల పొడవున్నా సందర్శకులకు తెరిచింది ఒకటిన్నర కిలోమీటర్ల మేర. లోపల గాలి ఆడక చెమట ధారలు కడుతుంది. తెరిచిన వెంటనే చూసి బయటపడితే పొద్దుండగానే బనగానపల్లె దారి పట్టవచ్చు. కొలిమిగుండ్ల పరిసరాల్లో సిమెంటు, బండల లారీలు ఎక్కువ. చీకటి పడ్డాక ఆ దారిలో ప్రయాణం వద్దు. ఆ రాత్రి యాగంటిలో గానీ బనగానపల్లెలో గానీ ఆగండి. మూడో రోజు కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం. దిగువ అహోబిలంలో బండి నిలిపి, ఎగువకు ఉన్న 8 కిలోమీటర్లూ బస్సులోనో జీపులోనో వెళ్లండి. నాలుగో రోజు ఆళ్లగడ్డ నుంచి మైదుకూరు మీదుగా ఇల్లు చేరడం సుళువు.

బండి ఎత్తు ఎంతో కొలిచి, ఏసీనీ సోలార్ పలకలనూ కలుపుకుని, ఆ అంకెను స్టీరింగు ముందు అంటించండి. గుంతకల్లు దగ్గర ఒక రైల్వే కింది దారిలో ఎత్తు కమ్మీని నేను చూడలేదని కాదు, చూశాను, పడుతుందనుకున్నాను. పైకప్పు ఫ్యాను మూత ఎగిరిపోయింది.

డబ్బు సంగతి బయలుదేరక ముందే మాట్లాడుకోవాలి. సొంత వాహనంగా నమోదైన బండికి కిరాయి తీసుకోకూడదు, తీసుకున్నట్లు తేలితే బీమా దక్కదు. మేము ఒక పని చేస్తాము: ఒక్కో జంట సమానంగా దుడ్లు వేసే గుడ్డ సంచి ఒకటి మా ఆవిడ దగ్గర ఉంటుంది. కూరగాయలు, గుడి టికెట్లు, టీలు అందులోంచే. ఎవరి బండి డీజిలు వారిది, ఎవరి గది వారిది. ఆఖరి రోజు సంచిలో మిగిలినదానితో దారిలో ఓళిగలు (బొబ్బట్లు) కొనుక్కుని పంచుకుంటాము. వియ్యాలవారితో వెళ్లినప్పుడు కూడా ఈ పద్ధతి వల్ల ఒక్క మాట పట్టింపు రాలేదు.

చివరిగా మీ అత్తగారు. తప్పకుండా తీసుకువెళ్లండి, నిజానికి ఇలాంటి బండి వల్ల అందరికన్నా ఎక్కువ మేలు జరిగేది అలాంటి వారికే. కారులో నాలుగు గంటలు కాళ్లు ముడుచుకుని కూర్చోలేనివారు, దారిలో మరుగుదొడ్డి దొరకదేమోనని పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేసేవారు, ఇందులో నిశ్చింతగా వస్తారు. తలుపు దగ్గర మెట్టు నేలకు జానెడు ఎత్తుకు మించకుండా మడత మెట్టు ఒకటి అదనంగా పెట్టించండి. తలుపుకు రెండు వైపులా చేతి పట్టు కడ్డీలు ఉండాలి. ఆమె పడక మోకాలి ఎత్తులో, మరుగుదొడ్డికి రెండు అడుగుల దూరంలో ఉండాలి, రాత్రి వెలిగే చిన్న దీపం నేల దగ్గర ఉండాలి. బెలుం మెట్లు, అహోబిలం కొండదారి ఆమెకు వద్దు. ఆ పూటలకు మీలో ఒకరు బండి దగ్గర ఉండేలా వంతులు ముందే వేసుకోండి, ఆమె వద్దన్నా సరే. గండికోటలో మాత్రం కోట లోపలి దారి వెంట మాధవరాయ స్వామి గుడి వైపు మెల్లగా నడిపించవచ్చు. లోయ అంచున రాళ్ల మీదికి వెళ్లనీయకండి, అక్కడ పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మా అమ్మను తీసుకువెళ్లినప్పుడు, ఆమె గుడి అరుగు మీద కూర్చుని, మీరు పోయి ఆ పెన్న చూసి రండి, నేను నా చిన్నప్పుడే చూశాను అన్నది. మేము వచ్చేసరికి పక్కన కూర్చున్న హైదరాబాదు పిల్లలకు మా బండిలోని చెనక్కాయల పొడి డబ్బా సగం ఖాళీ చేసి పెట్టింది.